తెల్లమద్ది బెరడు: కొనువారికి, ఒలుచువారికి ఒక మాట

 

అడ్డతీగల వాగుల యొడ్డున తెల్లమద్ది చెట్లు మీరెరుగనివి కావు. ఇటీవల నేనొక వాగు వెంట పోవుచు, మొదలు చుట్టును బెరడు ఒలిచిన పెద్ద చెట్టు నొకదానిని చూచితిని. పై కొమ్మలు అప్పుడే ఎండుచున్నవి. "రక్తములో కొవ్వు తగ్గునని అడుగుచున్నారు బాబూ, అందుకే ఒలిచినాము" అని అచటి పెద్ద యొకడు చెప్పెను.

ఆ మాట బొత్తిగా కల్ల కాదు. 2001లో ప్రచురింపబడిన జైపూరు వైద్యుల పరీక్షలో, గుండెజబ్బు గల 105 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకు దినమునకు 500 మిల్లీగ్రాముల బెరడు పొడి యిచ్చిరి. చెడు కొవ్వు సగటున నూటికి 16 పాళ్ళు తగ్గెను. కాని జట్టుకు 35 మందే. గడువు 30 దినములే. ఇంతమాత్రమున మందు రుజువైనదనరాదు.

గుగ్గులు సంగతి చూడుడు. కొవ్వు తగ్గించునని పేరుపడిన ఆ బంక సారమును అమెరికాలో 103 మందితో 8 వారములు పరీక్షించిరి. 2003లో ఫలితము వెల్లడియైనది. చెడు కొవ్వు తగ్గలేదు సరికదా, కొంచెము పెరిగెను!

కావున నా యభిప్రాయ మిది. రక్తములోని కొవ్వు పైకి కనబడదు, పరీక్షలోనే తెలియును. వైద్యుడిచ్చిన మాత్రలు మాని బెరడు కషాయమును నమ్ముకొనుట ప్రాణముతో చెలగాటము. కషాయము త్రాగువారు ఆ సంగతి వైద్యునికి దాచరాదు.

ఇక చెట్టు మాట. ఆకులు వండిన ఆహారము బెరడు లోపలిపొర గుండా వేళ్ళకు దిగును. చుట్టును ఒలిచినచో వేళ్ళు పస్తుండి చెట్టు చచ్చును. ఒక ప్రక్కననే, నిలువు పట్టీగా, కఱ్ఱనంటిన పొరను విడిచి తీయవలెను. గాయము పూడువరకు ఆ చెట్టును మరల ముట్టరాదు. వాగుగట్టును కాపాడునది, దసలి పట్టుపురుగుకు మేత యిచ్చునది ఈ చెట్టే గదా!

2006 నాటి అటవీహక్కుల చట్టము చిన్నతరహా అటవీఫలసాయముపై గిరిజనులకు హక్కు నిచ్చినది. అడవిని కాపాడు అధికారమును గ్రామసభ కిచ్చినది. ఏ చెట్టు ఒలువవచ్చునో, ఏది విడువవలెనో గ్రామసభయే తీర్మానించి, చెట్లకు గుర్తులు వేయవలెను. గ్రామోద్యోగులు రాబోవు సభలోనే ఈ విషయమును చర్చకు పెట్టింతురుగాక.