మీ ఊరు ఏది?



గత నెలలో వడ్లపూడి నిర్వాసిత కాలనీలో ఒక వివాహము కొరకు వివరములు వ్రాసుకొనుచు, పెండ్లికుమారుని "మీ స్వగ్రామము ఏది, బాబూ?" అని అడిగాము. "ఇదేనండి, కాలనీ" అన్నాడు. మూల కూర్చున్న నానమ్మ ఊరుకోలేదు. "కాదురా! మన ఊరు కణితి. అయ్యగారూ, అదే వ్రాయండి" అన్నది.

"కణితి అంటే స్టీలు ప్లాంటు నీళ్ల చెరువు కదా, నానమ్మా?" అన్నాడు మనుమడు. ఆమె కన్నులు చెమర్చాయి.

మన పెద్దలకు ఈ చరిత్ర తెలుసు. 1966లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని రాష్ట్రమంతా గొంతెత్తింది. 32 మంది ప్రాణములు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు బాలచెరువు వద్ద శంకుస్థాపన చేశారు. దాని కొరకు 60కి పైగా గ్రామములు, వాటి చుట్టూ ఉన్న చిన్న పల్లెలు భూములిచ్చాయి. 16 వేలకు పైగా కుటుంబములు కదలిపోయాయి. వారికి 'ఆర్ కార్డు' చేతికిచ్చారు. కొందరికి ఉద్యోగము దొరికింది. వేలమంది ఆ కార్డు దాచుకొని ఏండ్ల తరబడి ఎదురుచూచారు.

ఉక్కు మనకు కూడు పెట్టింది, కాదనము. మన సంఘములలో ఎందరి పిల్లలో ఆ జీతముతోనే చదువుకున్నారు. అక్కడి మూడు పెద్ద కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. మంచి పేర్లే. కణితి పేరు జలాశయమునకైనా మిగిలింది. తక్కిన పల్లెల పేర్లలో ఎన్నో ముసలివారి నోటనే ఉన్నాయి. వారు వెళ్లిపోతే అవీ వెళ్లిపోతాయి.

యెహోషువ గ్రంథము 15వ అధ్యాయము చదువునప్పుడు మనకు విసుగు పుట్టును. అన్నీ ఊళ్ల పేర్లే. వాటి చుట్టు పల్లెలను కూడ విడువలేదు. ఇవన్నీ ఎందుకు వ్రాశారా అనుకొనేవారము. ఆ నానమ్మను చూచిన తరువాత తెలిసింది.

మీ కుటుంబ బైబిలు మొదటి పేజీలో పుట్టిన తేదీలు, పెండ్లి తేదీలు వ్రాసుకొంటారు గదా. ఈ ఆదివారము ఆరాధన అయిన తరువాత ఇంటిలోని పెద్దవారి దగ్గర కూర్చుండి అడగండి: మన ఊరు ఏది? పక్క పల్లెలు ఏవి? ఏ బావి నీళ్లు త్రాగేవారు? ఏ చెరువు క్రింద పొలము? విన్నది ఆ తేదీల క్రిందనే వ్రాయండి.

ఆ దినము మేము కణితి అనియే వ్రాశాము. నానమ్మకు చదువు రాదు. అయినను ఆ అక్షరముల మీద వ్రేలు పెట్టి, "ఇదేనా, అయ్యగారూ?" అని రెండుమార్లు అడిగింది.