తాయెత్తు, శంకుస్థాపన, చెంబెడు నీళ్లు

దొనకొండకు రాజధాని వచ్చుచున్నదని 2014వ సంవత్సరమున పుట్టిన వదంతి మీలో పలువురకు జ్ఞాపకముండును. రాష్ట్రము రెండుగా చీలిన వేళ యది. గుంటూరు గుంతకల్లు రైలుమార్గ మున్నది, ఆంగ్లేయుల నాటి విమానపు మైదాన మున్నది, సర్కారు భూములున్నవి, ఇక కావలసినదేమని పురుషులు అరుగులపై లెక్కలు వేసిరి. ఎన్నడు నెరుగని మనుష్యులు కార్లు దిగి చేలగట్లపై నడచిరి. మాకు వరుసకు వదినె యగు నొకామె చేను అమ్ముడుపోరాదని కులదైవమునకు ముడుపు కట్టెను. ఆమె భర్త ఆ దైవమునకే, మంచి బేరము కుదురవలెనని మ్రొక్కెను. దైవ మెవరి మాట వినవలెనో మాకు నేటికిని తెలియలేదు. 2015 అక్టోబరు 22వ తేదీన శంకుస్థాపన అమరావతిలో జరిగెను. వదినె గారి చేను చేనుగనే యున్నది. అప్పుచేసి బయానా లిచ్చినవారి సంగతి మేము వ్రాయము. వారి యిండ్లలోని స్త్రీల మెడలు చూచిన తెలియును.

రాజధానిని గూర్చి అంతసేపు మాటలాడిన మగవారు నీటిని గూర్చి మాటలాడరు. అది ఆడువారి పని గదా! కొండను తొలచి కృష్ణాజలమును పడమటి ప్రకాశమునకు తెచ్చు వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన చేసిరి. ఆ యేట పుట్టిన ఆడుబిడ్డలు తల్లులై బిందెలు మోసిరి. 2024 మార్చిలో సొరంగములను జాతికి అంకితము చేసిరి. ఆ మరునాడును మా వీధి స్త్రీలు బోరు కడనే నిలిచిరి.

ఈ సీమ నీటి గుణము క్రొత్తగా తెలిసినది కాదు. 1937లోనే షార్టు అను వైద్యుడును ఆయన తోడివారును, నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో జనుల యెముకలు బిగిసికొనిపోవుటకు త్రాగునీటి యందలి ఫ్లోరైడు కారణమని తెలిపిరి. అంతకు ముందే దుక్కిటెద్దులు నడువలేకుండుట రైతుల కంటబడిన దందురు. ఎద్దులకు శని పట్టినదని ఎవరైన ననిరో లేదో గాని, నడుము వంగి నేల చూచుచు నడచు మా పొరుగింటి అవ్వకు మాత్రము శని, దిష్టి, పితృదోషము అన్నియు పట్టినవి. తాయెత్తు, నల్లదారము, శనివారపు దీపము అన్నియు నయినవి. “అవ్వా, యిది నీటి దోషమే” యని మే మొకనాడంటిమి. “నీళ్లు గంగమ్మ తల్లి కాదటమ్మా? తల్లి బిడ్డకు విషము పెట్టునా?” అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

అవ్వను చూచి నవ్వుటకు మాకును హక్కు లేదు. నీళ్లు కాచి త్రాగిన చాలునని మేమును చాలకాలము నమ్మితిమి. కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరిగిరినకొలది అది యెక్కువగును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పు హద్దు. మా పొయ్యి కూడ కొన్నేండ్లు తాయెత్తుగనే పనిచేసినదన్నమాట!

ఓట్లనాడు వచ్చిన యొక పెద్దమనిషి అమ్మవారి గుడికి చందా చదివించి, మా వాకిట నిలిచి, ఏమి కావలెనని యడిగెను. ఈ బోరు నీటిలో ఫ్లోరైడెంతయో పరీక్ష చేయించి చెప్పుడంటిమి. రేపు కనుగొని చెప్పెదననెను. ఆ రేపు ఇంకను రాలేదు. మేము కొను డబ్బానీళ్లలో నుండి అవ్వకు రోజునకొక చెంబు పంపుచున్నాము. ఆమె యందులో ఉద్ధరిణెడు దేవునికి పెట్టి, మిగిలినది మనుమనికి పోసి, తాను బోరు నీళ్లే త్రాగుచున్నది.