సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందా?

"సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందట కదండీ, గుచ్చకుండానే మందివ్వండి." రొమ్ములో గడ్డతో వచ్చే అక్కచెల్లెళ్ల నోట, వారి వెంట వచ్చే అత్తమ్మల నోట మేము తరచుగా వినే మాట ఇది. ఈ మాటకు డాక్టర్లు, నర్సులు విసుక్కోవడం సరికాదని మా అభిప్రాయం. క్యాన్సర్ ఎలా పాకుతుందో మేము విడమర్చి చెప్పనప్పుడు పక్కింటివారు చెప్పిందే నిజమైపోతుంది.

పాకే శక్తి ఆ కణంలోనే పుడుతుంది. మన డి.ఎన్.ఏ.లో ప్రోటీన్ల తయారీకి సూచనలిచ్చే భాగం నూటికి రెండు వంతులు కూడా ఉండదు. మిగతా దానిలో చాలా భాగం పనికిరాని చెత్త అని ఎంతోకాలం అనుకున్నారు. కాని అక్కడినుండి కూడా ఆర్.ఎన్.ఏ.లు తయారవుతాయి. వీటి నుండి ప్రోటీన్లు రావు. అయినా వీటిలో కొన్ని, ఏ జన్యువు పనిచేయాలో ఏది ఆగాలో అదుపు చేస్తాయి. ఇంట్లో పెద్దగా మాట్లాడని పెద్దమ్మ కనుసైగతో అందరినీ నడిపించినట్లన్నమాట!

ఈ అదుపు తప్పితే ఏమవుతుంది? మిర్-10బి అనే చిన్న ఆర్.ఎన్.ఏ.ను పెంచినప్పుడు, అంతవరకు పాకని రొమ్ము గడ్డలు ఎలుకల్లో పాకడం మొదలుపెట్టాయని 2007లో అమెరికాలో రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం చూపించింది. హాటెయిర్ అనే పొడవాటి ఆర్.ఎన్.ఏ. గడ్డలో ఎక్కువగా ఉన్న స్త్రీలలో వ్యాధి పాకే అవకాశం, మరణించే అవకాశం ఎక్కువని 2010లో హోవర్డ్ చాంగ్ బృందం తెలిపింది. ఇలా మారిన కణాలు రక్తం ద్వారా, లింఫ్ నాళాల ద్వారా తమంతట తామే బయలుదేరతాయి. వాటికి మా సూదితో పనిలేదు.

అయితే తొందరపడకూడదు. మాలాట్-1 అనే మరొక ఆర్.ఎన్.ఏ. వ్యాధిని పాకిస్తుందని 2016లో ఎలుకలపై చేసిన పరిశోధన చెబితే, అదే పాకకుండా ఆపుతుందని 2018లో మరొకటి చెప్పింది! అందుకే రొమ్ము క్యాన్సర్‌కు మందు నిర్ణయించడానికి ఇవి ఇంకా మామూలు పరీక్షలు కాలేదు. వీటి పేరుతో ఖరీదైన పరీక్ష ఎవరైనా చేయించమంటే డబ్బు కట్టే ముందు మీ డాక్టరును అడగండి.

ఈనాటికి మందు నిర్ణయించేది సూదితో తీసిన చిన్న ముక్కే. ఈ.ఆర్., పి.ఆర్., హెర్-2 ఉన్నాయో లేదో అందులోనే తెలుస్తుంది. నొప్పి లేదు కదా అని గడ్డను నెలల తరబడి దాచుకుని, చంకలో కూడా గడ్డలు వచ్చాక వచ్చినవారికి, మొదటి వారంలోనే వచ్చినవారికి మేము చేయగలిగిన వైద్యం ఒకటి కాదు.