సింక్ అయింది సరే... ఏం మారిందో చెప్పదేం?

ల్యాప్‌టాప్‌లో కాంటాక్ట్స్ తెరిచి, అక్కర్లేని పేర్లు ఓ నాలుగు తీసేశారనుకోండి. కాసేపటికి ఫోన్‌లో కూడా అవి ఉండవు. సింక్ అంటే అదే కదా, బాగానే ఉంది. కానీ ఆ నాలుగింటితో పాటు ఊళ్లో నాన్నగారిని చూసే డాక్టర్ నెంబర్ కూడా పొరపాటున పోతే? అది కూడా రెండు చోట్లా పోతుంది. స్క్రీన్ మీద మాత్రం "సింక్ పూర్తయింది" అని పచ్చ టిక్కు కనిపిస్తుంది. ఏం వచ్చింది, ఏం పోయింది అన్నది మనమే కనిపెట్టుకోవాలి.

ఈ గొడవ ఇప్పటిది కాదు. 1996లో అమెరికాలో పైలట్ 1000 అనే చేతి డైరీ వచ్చింది. తర్వాత ఆ కుటుంబం మొత్తాన్నీ జనం పామ్ అని పిలిచారు. మెమరీ 128 కేబీ. అంటే పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్‌మార్నింగ్ ఫొటో అంత! దాన్ని స్టాండులో పెట్టి ఒక బటన్ నొక్కితే చాలు, అందులోని నెంబర్లు, అపాయింట్‌మెంట్లు పీసీలోని సాఫ్ట్‌వేర్‌తో సరిచూసుకునేది. దాని పేరే హాట్‌సింక్.

అందులో మెచ్చుకోవాల్సిన సంగతులు రెండున్నాయి. ఒకటి, పూర్తి కాపీ మన పీసీలోనే ఉండేది. అప్పటి పామ్‌లు టీవీ రిమోట్‌లో వేసే లాంటి బ్యాటరీలతో నడిచేవి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే డేటా మొత్తం చెరిగిపోయేది. మళ్లీ హాట్‌సింక్ కొడితే పీసీ నుంచి తిరిగొచ్చేది. రెండోది, ఒకే ఎంట్రీని రెండు వైపులా మారిస్తే, తనంతట తాను ఒకదాన్ని చెరిపేయకుండా రెండూ ఉంచి, లాగ్‌లో రాసేది.

లోపాలూ ఉన్నాయి. సెట్టింగ్స్‌లో "డెస్క్‌టాప్‌లో ఉన్నదే ఖాయం", "చేతిలో ఉన్నదే ఖాయం" అనే అర్థం వచ్చే ఆప్షన్లు ఉండేవి. తప్పుది ఎంచుకుంటే రెండో వైపు కొత్తగా రాసినవన్నీ గోవిందా! లాగ్ చూపించేది కానీ, పని అయిపోయాక.

ఇప్పుడు మధ్యలో క్లౌడ్ వచ్చింది, బటన్ పోయింది. సింక్ ఇరవై నాలుగ్గంటలూ నడుస్తూనే ఉంటుంది. గూగుల్ కాంటాక్ట్స్‌లో 30 రోజుల వరకు వెనక్కి వెళ్లే సౌకర్యం ఉంది. మంచిదే. కాకపోతే అది మొత్తం లిస్టును వెనక్కి తీసుకెళ్తుంది. ఈలోగా కొత్తగా చేర్చినవి పోతాయి.

మేం కోడ్ రాసేటప్పుడు ఏ ఫైల్ మార్చినా, ఏ లైన్ పోయింది, ఏది వచ్చింది అని పక్కపక్కనే పెట్టి చూసుకుంటాం. నచ్చకపోతే ఆ ఒక్క మార్పునే వెనక్కి తీసుకుంటాం. అమ్మ ఫోన్ నెంబర్‌కి ఆపాటి మర్యాద దక్కకూడదా? డెస్క్‌టాప్ సింక్ సాఫ్ట్‌వేర్‌లో నేను కోరుకునేవి ఇవీ:

ముందే చెప్పాలి. "3 కొత్తవి, 2 మారాయి, 40 పోతున్నాయి, కానివ్వమంటారా?" అని అడగాలి. ప్రతిసారీ అడిగితే చదవకుండానే ఓకే కొట్టేస్తాం. కాబట్టి ఒకేసారి ఎక్కువ పోతున్నప్పుడు మాత్రమే ఆగి అడిగితే చాలు.

వివరాల వారీగా కలపాలి. ఫోన్‌లో నెంబర్ మార్చి, ల్యాప్‌టాప్‌లో అడ్రస్ మారిస్తే అది తగువే కాదు, రెండూ తీసుకోవాలి. ఒకే నెంబర్‌ని రెండు రకాలుగా మారిస్తేనే మనల్ని అడగాలి.

ఒక్క పేరునే వెనక్కి తేగలగాలి. ఫొటోలు లేకుండా వెయ్యి కాంటాక్ట్‌లైనా కొన్ని వందల కేబీలే. రోజుకో కాపీ చొప్పున ఏడాదంతా దాచినా ఒక సినిమా ఫైల్ అంత కూడా అవదు. చోటు లేదనే సాకు చెల్లదు.

మన పేర్లు అర్థం కావాలి. తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి సేవ్ చేసిన నాగరాజు ఒక్కడేనేమో అని సందేహమైనా రావాలి. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ డబ్బాల్లో అది తారుమారవుతుంది. ఇక సీఎస్‌వీగా తీసిన తెలుగు పేర్లను ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే చాలాసార్లు పిచ్చి గుర్తులే!

నెట్ లేకపోయినా నడవాలి. ఫోన్, ల్యాప్‌టాప్ ఒకే టేబుల్ మీద ఉన్నప్పుడు కేబుల్‌తో సింక్ అయిపోవాలి. పామ్ రోజుల్లో అయిన పనే ఇది.

ఇవన్నీ వచ్చేదాకా ఒక పని చేయండి. నెలకోసారి కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి, ఎక్స్‌పోర్ట్ నొక్కి, వీకార్డ్ ఎంచుకోండి. వచ్చిన ఫైల్‌కి తేదీ పేరు పెట్టి, సింక్ అవ్వని ఫోల్డర్‌లో దాచండి. రెండు నిమిషాల పని. అమ్మానాన్నల ఫోన్లకీ చేసిపెట్టండి, వాళ్ల నెంబర్లు చాలావరకు ఇంకెక్కడా రాసి ఉండవు.