మన వీధులును, వికలాంగుల వార్ధక్యమును

గత జూన్ మాసమున మా పాఠశాల మెట్లయొద్ద జరిగిన యొక చిన్న సంగతి మమ్ము నేటికిని విడువకున్నది. తొమ్మిదవ తరగతి బాలిక తండ్రి యొకరు ఫీజు చెల్లించుటకు వచ్చి అయిదు మెట్ల క్రిందనే నిలిచిపోయిరి. పసితనమున పోలియో సోకి వారి యెడమకాలు సన్నగిలినది. అయినను, క్యాలిపరు బూటుతో, చంకకఱ్ఱతో, పదునెనిమిదేండ్ల క్రిందట వారు మా పేట యంతయు తిరుగుచుండుట మేమే చూచియున్నాము. కుట్టుపని వారి జీవనము. ఇప్పు డేల యెక్కలేకపోవుచున్నారని మే మడుగగా, "మాస్టారూ, నా కాలు మునుపటి కాలే. మా వీధి యెత్తు పెరిగినది. గడప దాటుట మానితిని. మానిన పిమ్మట మీ మెట్లు కూడ బరువైనవి" అని నవ్విరి.

ఆ మాటలో సగము సత్యము. తక్కిన సగము వైద్యులు చెప్పుదురు. పోలియో సోకిన పెక్కేండ్లకు కొందఱికి క్రొత్తగా నీరసము, కీళ్లనొప్పి, కండరముల బలహీనత కలుగును. చచ్చిన నరకణముల పనిని గూడ మోసిన తక్కిన కణములు కాలక్రమమున డస్సిపోవుటయే దీనికి కారణమని వారు తలంచుచున్నారు. మన దేశమున కడపటి పోలియో రోగము 2011 జనవరిలో కనబడెను. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు ధ్రువపత్ర మిచ్చెను. మనము సంబరపడితిమి, అది తగినదే. కాని 1970, 1980ల నాటి పోలియో పిల్లలు నేడు నలుబది, ఏబది యేండ్లవారై మన నడుమనే యున్నారు. వారిని తలంచువారు అరుదు.

ఇక వీధి మాట. పాత బాటను త్రవ్వక దానిపైననే సిమెంటు పోయుదురు. మఱికొన్నేండ్లకు దానిపై మఱియొక పొర. ఇండ్లు పల్లమగును. వాననీరు లోనికి రాకుండ ప్రతి గృహస్థుడును గడపకు గట్టు కట్టుకొనును. మోటారు సైకిలు దింపుకొనుటకు నిట్టనిలువుగా ర్యాంపు పోయించుకొనును. మురుగుకాలువపై పలక విఱిగిన నది విఱిగినట్లే యుండును. ఇందులో ఎవరికిని దురుద్దేశము లేదు, మా యింటిముందును అట్టి ర్యాంపే కలదు! అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవుండవలెనని ప్రమాణము. మాది రెండున్నర యడుగులు.

ఇట్టి వీధిలో బయలుదేరనివాడు నడువడు. నడువనివాని బరువు పెరుగును. ఆ బరువు మరల ఆ కాలిమీదనే, నలుబదేండ్లుగా కాలి పనిని గూడ చేయుచున్న ఆ భుజముమీదనే పడును. వెనుకనే చక్కెర వ్యాధి, రక్తపు పోటు వచ్చు భయము కలదు. స్త్రీల స్థితి మఱింత కష్టము. బయట తమకు వీలైన మఱుగుదొడ్డి లేదని యెఱిగి, పయనమున్ననాడు ఉదయమునుండి నీళ్లు త్రాగనివారిని మే మెఱుగుదుము. మూత్రవ్యాధులు అట్లు సంక్రమించును. ఇట్టివి పాఠశాల పత్రికలో వ్రాయదగునా యని కొంద ఱనవచ్చును. దగుననియే మా యభిప్రాయము.

వారికి కావలసినవన్నియు ఇంటికే వచ్చుచున్నవి గదా యని యొక మిత్రుడు మాతో వాదించెను. నిజమే. ఆంధ్రప్రదేశమున 2024 జూలైనుండి వికలాంగుల నెల పింఛను 3,000 రూపాయలనుండి 6,000 రూపాయలకు పెరిగి, ఇంటికే వచ్చి చేరుచున్నది. ఆ యేటి సార్వత్రిక ఎన్నికలలో 40 శాతము వైకల్యము గలవారికి ఇంటినుండియే ఓటు వేయు వీలు కల్పింపబడెను. ఇవి మేలైన పనులే, ఒక్కటియు మానరాదు. అయినను, గడపలోనికి అన్నియు తెచ్చి యిచ్చి, గడప వెలుపలి దారిని మాత్రము మూసియుంచినయెడల, ఆ దేహమునకు కావలసిన కదలిక యెక్కడినుండి వచ్చును? టీ కొట్టుకడ నాలుగు మాటలాడుట, రెండు వీధుల దూరము నడుచుట, సంతలో బేరమాడుట, వీనిని ఎవరును తెచ్చి యియ్యజాలరు.

చట్టము లేదనుటకు వీలులేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, ప్రజలు వాడు పాత కట్టడములన్నిటిని నిబంధనలు వెలువడిన అయిదేండ్లలో వారికి అనువుగా మార్చవలెనని చెప్పినది. నిబంధనలు 2017లో వెలువడెను. గడువు 2022లో తీఱెను. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణములు వట్టి సూచనలుగా నుండరాదనియు, తప్పక పాటింపవలసినవిగా చేయవలెననియు కేంద్ర ప్రభుత్వమును ఆదేశించెను. విద్యాలయములును ఆ చట్టములోనివే. కనుక పురపాలక సంఘమును నిందించుటకు ముందు మేము మా మెట్లకడకే మరలి వచ్చితిమి.

డ్రాయింగు మాస్టారు కొలిచి చూచిరి. అయిదు మెట్లు, మొత్తము ముప్పది యంగుళముల యెత్తు. అనగా ముప్పదడుగుల ర్యాంపు కావలెను. చోటు తూర్పువైపున మాత్రమే కలదు. అది సైకిళ్లు నిలుపు స్థలము. వానిని వేపచెట్టు క్రిందికి మార్చవలసియుండును. కాకుల బాధ కలదని పై తరగతుల బాలురు అప్పుడే సణుగుచున్నారని విన్నాము.