ఆకాశానికి గాలం

'నన్ను పెళ్లి చేసుకుంటావా?' అని అడగడానికి కొందరు గులాబీ ఇస్తారు, కొందరు ఉంగరం తొడుగుతారు. అమెరికాలో కొందరు ఏకంగా విమానాన్నే పంపిస్తారు! బీచ్‌లో ఇసుక మీద కూర్చున్న అమ్మాయి తలెత్తి చూస్తే ఓ బుల్లి విమానం, దాని తోకకు వేలాడుతూ ఒక్కోటీ అయిదడుగుల ఎత్తున్న అక్షరాలు... మధ్యలో ఆమె పేరు.

ఒకప్పుడు మన ఊళ్లోకి కొత్త సినిమా వస్తే రిక్షాకి మైకు కట్టి వీధివీధీ తిప్పేవారు. న్యూజెర్సీ, ఫ్లోరిడా తీరాల్లో ఆ రిక్షా పనిని విమానం చేస్తుందన్నమాట. పెళ్లి కబుర్లు ఎప్పుడో ఒకటి. రోజూ తిండి పెట్టేవి మాత్రం హోటళ్లు, బీమా కంపెనీల ప్రకటనలే.

ఈ వ్యాపారం చేసేవాళ్లలో చాలామందివి చిన్న కుటుంబ సంస్థలు. పాతబడ్డ విమానాలు రెండో మూడో ఉంటాయి. ఇంట్లో ఒకరు ఫోన్లో ఆర్డర్లు తీసుకుంటే, ఇంకొకరు గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని అక్షరాలను వరసగా కూరుస్తారు. స్పెల్లింగ్ తప్పితే తీరమంతా నవ్వుతుంది మరి!

బ్యానర్‌ను కట్టుకుని విమానం పైకి లేవదు. రన్‌వే మీద ఈడిస్తే గుడ్డ చిరిగిపోతుంది. అందుకే ఖాళీగా ఎగురుతుంది. పైకెళ్లాక పైలట్ కిటికీలోంచి ఇనుప కొక్కేన్ని బయటికి విసురుతాడు. అది తోక నుంచి తాడుతో వేలాడుతుంది. కింద మైదానంలో రెండు గుంజలు, వాటి మీద ఉచ్చులా పరిచిన తాడు, ఆ తాడు చివర నేల మీద బ్యానర్. పైలట్ నేలకు బాగా దగ్గరగా దిగి, గుంజల దగ్గరికి రాగానే ముక్కు పైకెత్తేస్తాడు. కొక్కెం తాడును అందుకుంటుంది. ఒక్కో అక్షరం నేల విడిచి లేస్తుంది. సరిగ్గా అప్పుడే విమానం వేగం పడిపోతుంది, వెనక బరువేమో పెరుగుతుంది. ముక్కు కాస్త ఎక్కువ ఎత్తినా, దించడం ఆలస్యమైనా రెక్కలు పట్టు తప్పుతాయి. సరిచేసుకునేంత ఎత్తు ఉండదు. ఏమాత్రం తేడా అనిపించినా మీట లాగి బ్యానర్‌ను వదిలేయాలి. యజమానికి నష్టమే. అయినా, వెనకాడకుండా వదిలేసేవాడే మంచి పైలట్!

ఆ తర్వాత అంతా విసుగే. గంటకు డెబ్భై, ఎనభై కిలోమీటర్ల వేగంతో నత్తనడక. కింద రోడ్డు మీద కార్లు దాటుకుపోతుంటాయి. మెల్లగా వెళ్తుంటే ఇంజిన్‌కు గాలి చాలదు, అందుకే వేడిని చూపే ముల్లు మీదే కళ్లన్నీ. అక్షరాలు ఒక పక్క నుంచే సరిగా కనపడతాయి కాబట్టి తీరం ఎడమచేతి వైపు ఉండాలి. తిరుగుదారిలో తీరంవాళ్లకు రాత తిరగబడినట్టే.

జీతం అంతంతమాత్రం. అయినా కుర్రాళ్లు ఎందుకొస్తారంటే... గంటల కోసం. అక్కడ దాదాపు 250 గంటలు ఎగిరితే కమర్షియల్ లైసెన్సు వస్తుంది. ఎయిర్‌లైన్‌లో చేరాలంటే మాత్రం సాధారణంగా 1,500 గంటలు కావాలి. 2009లో బఫెలో దగ్గర విమానం కూలి యాభై మంది చనిపోయాక, 2013లో వచ్చిన నిబంధన ఇది. చిత్రమేమిటంటే, ఆ విమానం పైలట్లిద్దరికీ అంతకంటే ఎక్కువ గంటలే ఉన్నాయి!

వ్యాపారానికీ దెబ్బలు తగిలాయి. 2001 దాడుల తర్వాత పెద్ద స్టేడియాల దగ్గర ఆట జరిగేటప్పుడు ఎగరకుండా ఆంక్షలొచ్చాయి. ప్రేక్షకులు వేలల్లో ఒకేచోట దొరికే బేరం పోయింది. హోనలూలూ నగరమైతే ఇలాంటి ప్రకటనలు అసలొద్దంది. 2006లో అప్పీళ్ల కోర్టు కూడా సరేనంది.

న్యూజెర్సీలో సెప్టెంబరు మొదటి సోమవారంతో వేసవి సందడి తగ్గిపోతుంది. ఇసుక ఖాళీ అవుతుంది. ఇంటివాళ్లు అక్షరాలను ఉప్పుగాలి వదిలేలా తుడిచి, చిరిగినవాటిని కుట్టి పెట్టెల్లో సర్దుతారు. పక్కన కుర్రాడు లాగ్‌బుక్ తెరిచి, ఈ ఎండాకాలం ఎన్ని గంటలు పోగయ్యాయో లెక్క కూడుకుంటూ ఉంటాడు.