ముప్పదింట ఎనిమిది

డిమెన్షియా నిర్ణయమునకును చికిత్సకును మార్గదర్శకములు కావలెనని వాదించు పెద్దలు, నూతనౌషధముల వెలను గూర్చియు స్కానింగు యంత్రముల కొరతను గూర్చియు పుటలకు పుటలు వ్రాయుచు, వైద్యుడు రోగి యెదుట కూర్చుండి అడుగు ప్రశ్నల కాగితమును మాత్రము పరికింపకయే విడిచిపెట్టుచుండుట చూడగా విసుగు పుట్టుచున్నది.

ఆ కాగితము 1975లో ఫోల్‌స్టీన్ ప్రభృతులు అమెరికాలో రచించిన ఎం.ఎం.ఎస్.ఇ. మొత్తము 30 మార్కులు. 24కు తగ్గినచో బుద్ధిక్షీణతను శంకింపవలెనని వాడుక. నూటినుండి ఏడేసి తీసివేయుచు పోవుటకు 5, వ్రాసినది చదివి అట్లు చేయుటకు 1, స్వయముగా వాక్యము వ్రాయుటకు 1, పంచభుజుల బొమ్మను చూచి గీయుటకు 1, వెరసి ఎనిమిది. పలక పట్టి యెరుగని వృద్ధురాలు, ఆ ఎనిమిదియు పోయి, తక్కిన వన్నియు తప్పులేక చెప్పినను 22 దగ్గర నిలిచిపోవును. సంతలో చిల్లరలెక్క తప్పని యామెయు నూటినుండి ఏడు తీయుమనగానే బెదరుట వింత కాదు.

2023లో ప్రకటితమైన లాసీ-డాడ్ పరిశోధన ప్రకారము దేశమున అరువదేండ్లు దాటినవారిలో 7.4 శాతము, అనగా సుమారు 88 లక్షలమంది ఈ వ్యాధిగ్రస్తులు. పురుషులకంటె స్త్రీలలో, పట్టణములకంటె పల్లెలలో ఇది అధికము. ఆ ఎనిమిది మార్కులు ఎవరికి అందవో వారిలోనే వ్యాధియు హెచ్చు.

చదువులేనివారికి హద్దు తగ్గించిన చాలునందురు కొందరు. కొంత మేలే. కాని హద్దు తగ్గించినంతమాత్రమున ముప్పదింట ఎనిమిది మార్కులు ఆమె జ్ఞాపకశక్తిని గాక బాల్యమున బడిలేని లోపమునే కొలుచుట మానునా?

మార్గము లేదనుటకును వీలులేదు. హరియాణాలోని బల్లభ్‌గఢ్ గ్రామీణులకై 1995 నాటికే హిందీలో అక్షరజ్ఞాన మక్కరలేని పరీక్ష సిద్ధమైనది. హైదరాబాదు నిమ్స్ వైద్యులు ఆడెన్‌బ్రూక్స్ అను మతిపరీక్షను తెలుగునకు మలచిరి. 2013లో 648 మంది రోగులను పరిశీలించి, రెండుభాషలు తెలిసినవారిలో వ్యాధి నాలుగున్నరేండ్లు ఆలస్యముగా పొడసూపునని తేల్చిరి. ఆ భేదము నిరక్షరాస్యులలోను కనబడినది. చదువురానివారి మతిని కొలువవచ్చునని మన యూరి వైద్యులే చూపిన పిమ్మట, భారత వైద్య పరిశోధనామండలి వారి పరీక్షాసంపుటి తెలుగులోను వెలసిన పిమ్మట, ఇంకను ఆ పాత కాగితమే దిక్కగుట కేవలము సోమరితనము.

ఆ ఎనిమిది మార్కులు రాలేదని డోనెపెజిల్ మందు వ్రాసియిచ్చి పంపువారు, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించిరా? వంటింట ఏమి మారినదో కోడలిని అడిగిరా? మార్గదర్శకములను కూర్చు తదుపరి సంఘము మొదటి పుటలోనే తెలుగు పరీక్షను ముద్రించి, ఆ రక్తపరీక్షలను, ఇంటివారి విచారణను విధిగా చేర్చవలెను. అది యనావశ్యకమని తోచు సభ్యులెవరైన నున్నచో, తమకు రాని మలయాళ లిపిలో నిండు వాక్యమొకటి వ్రాసి, వచ్చిన మార్కులను నివేదికకు అనుబంధముగా ప్రకటింతురు గాక.